దిగులు, దేహభారము, నడక

"బెంగతో చిక్కి సగమైనాడు", "దిగులుతో ఎముకల గూడైనాడు" అని మన పల్లెలలో అనుట పరిపాటి. మనోవ్యథ మనిషిని కృశింపజేయునని మన పెద్దలు తరతరములుగా నమ్మియున్నారు. ఆ నమ్మకము అసత్యము కాదు. కన్నబిడ్డను పోగొట్టుకొన్న తల్లి అన్నము ముట్టక చిక్కిపోవుట మనమందరము ఎరిగినదే. కాని నేడు పల్లెలలో తిరుగువారికి వేరొక దృశ్యము గూడ కనబడుచున్నది. అప్పు తీరలేదని, పంట చేతికి రాలేదని, పిల్లవాని చదువునకు కట్టవలసిన సొమ్ము సమకూడలేదని రేయింబవళ్ళు మథనపడు గృహస్థు చిక్కిపోవుటకు మారుగా లావెక్కుచున్నాడు. పొట్ట ముందుకు వచ్చుచున్నది. నలుబది ఏండ్లు దాటునప్పటికి రక్తపుపోటు, చక్కెర వ్యాధి అతని గడపలో అడుగిడుచున్నవి. చూచినవారు మాత్రము "వానికేమి లోటు? సుఖపడి ఒళ్ళు చేసినాడు" అని పరిహసింతురు. ఆ మాట అన్యాయమైనది. అది ఏల అన్యాయమో, అట్టివాడు చేసికొనదగిన ప్రతిక్రియ యేమో ఈ వ్యాసములో విచారింతము.

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరము చుట్టునుగల చెరువుల పల్లెలను ఉదాహరణముగా గైకొందము. ఒకప్పుడు వరిచేలున్న చోట నేడు రొయ్యల చెరువులున్నవి. రొయ్యల రైతు కష్టము వరిరైతు కష్టము వంటిది కాదు. నాగలి పట్టవలసిన పని లేదు, కోతకు వంగవలసిన పని లేదు. అతడు కాపలా కాయవలెను. పగటివేళ నీటిలోని నాచు సూర్యరశ్మి సాయమున ప్రాణవాయువును విడుచును. ప్రొద్దు గ్రుంకిన పిదప ఆ పని నిలిచిపోవును, నీటిలోని జీవులన్నియు ఉన్నదానిని వాడుకొనుచునే యుండును. అందుచే తెల్లవారుజామునకు చెరువులో ప్రాణవాయువు అడుగంటును. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగినచో, జనరేటరు వెంటనే అందుకొననిచో, నెలల తరబడి పెట్టిన పెట్టుబడి కొన్ని గంటలలో నీటిపాలగును. కావున రైతు గట్టుమీది పాకలో కుర్చీ వేసికొని కూర్చుండును. నిద్రను ఆపుకొనుటకు టీ త్రాగును. టీతో పాటు నాలుగు బిస్కత్తులో, మిక్చరు పొట్లమో ఉండనే యున్నది. తెల్లమచ్చ వ్యాధి తగులునేమో, పట్టుబడి నాటికి కౌంటు ధర పడిపోవునేమో అను చింత సరేసరి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము మన దేశపు సరుకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, సముద్రముల కావల జరిగిన నిర్ణయము ఈ పాకలలోని వారికి కంటిమీద కునుకు లేకుండ జేసినది.

ఇది చెరువుల రైతు కొక్కనికే సంబంధించిన మాట కాదు. అడవిపందుల భయమున మంచెపై రాత్రులు గడపు మెట్టరైతు, కొనుగోలు కేంద్రము వద్ద వంతు కొరకు ధాన్యపు రాశి ప్రక్కన పండుకొను రైతు, మబ్బు వంకకు చూచి ఆరబోసిన మిరపకాయలపై పట్టా కప్పుటకు పరుగెత్తు రైతు, వీరందరిదీ ఒకే స్థితి. మనస్సు పరుగులిడుచుండును, నిద్ర కరవగును.

కాలు కదలని పరుగు

ఈ స్థితిలో దేహము లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనుట అవసరము. అమెరికా దేశీయుడైన వాల్టర్ కానన్ అను శాస్త్రజ్ఞుడు 1915లో ప్రకటించిన గ్రంథములో, భయము, క్రోధము కలిగినపుడు ప్రాణి దేహము పోరాటమునకో, పలాయనమునకో సిద్ధపడునని వివరించినాడు. మాంట్రియల్ నగరమున పరిశోధనలు సాగించిన హాన్స్ సెల్యే అను వైద్యుడు, హాని యేదైనను, దేహము దాని కిచ్చు జవాబు ఒకే తీరున నుండునని 1936లో తెలిపినాడు. నేడు మనము మానసిక ఒత్తిడి యని పిలుచుచున్న దానిని గూర్చిన శాస్త్రమునకు వీరి కృషియే పునాది.

మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులున్నవి. వీనిని అధివృక్క గ్రంథులందురు. పొదలోనుండి పులి బయల్పడినదనుకొందము. ఆ క్షణముననే ఈ గ్రంథులు ఏడ్రినలిన్ అను రసమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును. కాలేయము తన నిలువలోని చక్కెరను రక్తములోనికి పంపును, ఏలయన పరుగెత్తవలసిన కాళ్ళకు ఇంధనము కావలెను. అప్పుడు ఆకలి తెలియదు. పులి నోట బడబోవు వానికి అన్నము మీద ధ్యాస యుండదు గదా! దీని వెనుకనే కార్టిజాల్ అను రెండవ రసము వచ్చును. ఇది నెమ్మదిగా వచ్చి చాలసేపు నిలుచును. చక్కెర తరుగకుండ చూచును. అపాయము గడచిన పిదప ఖర్చయిన శక్తిని తిరిగి కూర్చుకొనుటకు ఆకలిని పెంచును.

పులి విషయములో ఈ ఏర్పాటు నిర్దుష్టమైనది. మనిషి పరుగెత్తినాడు, చక్కెర ఖర్చయినది, ఇల్లు చేరి కడుపునిండ తిన్నాడు, నిద్రించినాడు, లెక్క సరిపోయినది. కాని వడ్డీ లెక్క పులి కాదు. దానిని చూచి పరుగెత్తుటకు వీలు లేదు. అది ఒక ఘడియలో తొలగిపోవునదియు కాదు. అయినను దేహమునకు ఆ భేదము తెలియదు. అది పరుగునకే సన్నాహము చేయును. రైతు కుర్చీలో కూర్చుండియే యున్నాడు, లోపల మాత్రము పరుగు సాగుచున్నది. కాళ్ళకని విడుదలైన చక్కెరను కాళ్ళు వాడుకొనలేదు. దానిని సర్దుటకు ఇన్సులిన్ అను మరియొక రసము ఎక్కువగా ఊరవలెను. కార్టిజాల్, ఇన్సులిన్ రెండును అధికముగా నున్నచోట కొవ్వు నిలువయగుట సులభము. పొట్ట లోపలి కొవ్వు కార్టిజాల్ మాటను త్వరగా విను స్వభావము గలది. అందుచేతనే కాళ్ళు చేతులు సన్నగానే యుండి పొట్ట మాత్రము పెరిగిన మనుష్యులు పలువురు కనబడుచున్నారు. తొడలపై పేరుకొను కొవ్వుకంటె ఈ లోపలి కొవ్వు గుండెకును, చక్కెర వ్యాధికిని ఎక్కువ కారణమగుచున్నది.

ఒకే దిగులు ఒకనిని చిక్కించుట, మరియొకనిని లావెక్కించుట ఎట్లు పొసగునని పాఠకులు అడుగవచ్చును. పిడుగువలె వచ్చిపడిన దుఃఖము ఆకలిని చంపును. నెలల తరబడి నిప్పుకణికవలె లోపల రగులు చింత ఆకలిని రెచ్చగొట్టును. మనుష్యుల ప్రకృతియు, ఇంటిలో దొరకు తిండియు గూడ భేదమును కలిగించును. ఇంకొక సంగతి. తీపియు, నూనె సరుకును తిన్న కొంతసేపు మనస్సు కుదుటబడినట్లుండును. దిగులుగా నున్నవాడు పప్పన్నమునకు గాక పునుగులకు, జిలేబీకి చేయి చాచుట జిహ్వచాపల్యము మాత్రమే కాదు. అది దేహము వెదకుకొను ఊరట. మద్యముతో దిగులు మరచెదమనువారు మరింత మోసపోవుచున్నారు. మద్యము నిద్ర పట్టించినట్లే పట్టించి నడిరేయి లేపును. అన్నముకంటె, చక్కెరకంటె బరువుకు బరువుగా ఎక్కువ కేలరీలను గూడ పొట్టకు చేర్చును.

నిద్ర మాట ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. షికాగో విశ్వవిద్యాలయమున 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు 4 గంటలు మాత్రమే పరుండనిచ్చి పరీక్షించినారు. మరల రెండు రాత్రులు 10 గంటలు పరుండనిచ్చి పోల్చినారు. 2004లో ప్రకటింపబడిన ఆ ఫలితముల ప్రకారము నిద్ర తక్కువైనపుడు "కడుపు నిండినది" అని మెదడునకు తెలుపు లెప్టిన్ అను రసము 18 శాతము తగ్గినది. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను రసము 28 శాతము పెరిగినది. రెండు రాత్రులకే ఇట్లయినచో, పంటకాలమంతయు గట్టుమీద మేలుకొనువాని మాట చెప్పవలెనా? "సుఖపడి ఒళ్ళు చేసినాడు" అను పరిహాసము ఏల అన్యాయమో ఇప్పుడు బోధపడియుండును.

ఈ సమస్య కొద్దిమందిది కాదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి ఆధ్వర్యమున దేశమంతట జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వేక్షణములో, 20 ఏండ్లు, ఆపైబడినవారిలో నూటికి 39 మందికి పైగా పొట్టచుట్టు కొవ్వు పేరుకొన్నదని తేలినది. చక్కెర వ్యాధి గలవారు 10 కోట్లకు మించియున్నారు. ఇదియంతయు దిగులు మూలముననే యని మేము చెప్పుట లేదు. తెల్లన్నము విస్తారముగ తినుట, నూనె, కూర్చుండి చేయు పని, వంశపారంపర్యము, ఇవియన్నియు కారణములే. కాని తిండిని గూర్చి ఉపదేశించువారు పెక్కురున్నారు, దిగులు సంగతి ఎత్తువారు అరుదు.

లండను బస్సుల పాఠము

లోపల సాగు పరుగును బయటకు తెచ్చుటయే దీనికి గల సహజమైన ప్రతిక్రియ. దేహము కాళ్ళకొరకు చక్కెరను సిద్ధముచేసినది గదా. ఆ కాళ్ళను కదలింపవలెను. పనిచేయు కండరము ఇన్సులిన్ సాయము ఎక్కువగా లేకయే రక్తములోని చక్కెరను లోనికి తీసికొనగలదు. నడచి వచ్చిన పిదప గూడ కొన్ని గంటలపాటు ఇన్సులిన్ చక్కగా పనిచేయును. రక్తపుపోటు తగ్గును. నిద్ర గాఢముగా పట్టును. నిద్ర పట్టినచో మరునాటి ఆకలి హద్దులో నుండును.

ఈ సత్యము లోకమునకు వెల్లడియైన తీరు ఆసక్తికరమైనది. లండను నగరమున రెండంతస్తుల బస్సులుండెడివి, నేడును ఉన్నవి. డ్రైవరు దినమంతయు కూర్చుండువాడు. కండక్టరు టిక్కెట్ల కొరకు మెట్లెక్కి దిగువాడు; దినమునకు 500 నుండి 750 మెట్ల వరకు ఎక్కెడివాడు. జెర్రీ మోరిస్ అను వైద్యుడును, ఆయన సహచరులును సుమారు 31,000 మంది రవాణా కార్మికుల ఆరోగ్యమును పరిశీలించి 1953లో తమ ఫలితములను ప్రకటించినారు. ఒకే సంస్థలో ఒకే బస్సుపై పనిచేయు ఇద్దరిలో డ్రైవరుకంటె కండక్టరుకు గుండెపోటు తక్కువ. వచ్చినను అది అంత ప్రాణాంతకముగా నుండలేదు. "డ్రైవర్లు మొదటినుండియు లావుపాటివారేమో" అను సందేహము సహజముగా కలిగినది. మోరిస్ సంస్థవారు కుట్టించి యిచ్చిన యూనిఫారముల కొలతలను సంపాదించినాడు. డ్రైవర్ల నడుము కొలత నిజముగనే ఎక్కువ. ఆ పరిశీలనను 1956లో ప్రకటించినాడు. అయితే సన్ననివారిని సన్ననివారితో, లావువారిని లావువారితో పోల్చి చూచినను మెట్లెక్కువారి మేలు మేలుగనే నిలిచినది. నడుము సన్నబడనివానికి గూడ మెట్లు మేలు చేసినవన్నమాట. దర్జీవాని కొలతల పుస్తకము వైద్యశాస్త్రమునకు ఇంతగా ఉపకరించిన సందర్భము మరియొకటి కలదో లేదో!

మన పొరుగునగల చెన్నై నగరమున ఎ. రామచంద్రన్ అను మధుమేహ వైద్యుని బృందము జరిపిన పరిశోధన దీనిని మరింత దృఢపరచినది. చక్కెర వ్యాధి అంచున నున్న 531 మందిని ఎన్నుకొని, కొందరికి దినమునకు అరగంట నడకయు, మితమైన ఆహారమును నియమించినారు. మూడేండ్లలో, నియమము లేనివారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. నియమము పాటించినవారిలో నూటికి 39 మందికి మాత్రమే వచ్చినది. 2006లో ప్రకటింపబడిన ఈ ఫలితములో గమనింపదగినదేమన, నియమము పాటించినవారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు! బరువు తగ్గకయే వ్యాధి తగ్గినది.

ఈ మాటను మేము నొక్కి చెప్పుటకు కారణము కలదు. పలువురు ఉత్సాహముతో నడక ప్రారంభించి, నెలకొకసారి తూకము చూచుకొని, ముల్లు కదలలేదని మానివేయుచున్నారు. అరగంట చురుకైన నడకకు సుమారు 150 కేలరీల శక్తి ఖర్చగును. ఒకటి రెండు జిలేబీలు తిన్న ఆ లెక్క తిరిగి సరియగును. కిలో కొవ్వు కరుగుటకు 7,000 పైచిలుకు కేలరీలు కావలెను. కావున బరువు తగ్గించు పని ప్రధానముగా విస్తరిది. అన్నము కొంత తగ్గించి, పప్పును, కూరగాయలను పెంచి, రాత్రి భోజనమును ప్రొద్దుగల వేళకే ముగించుకొనవలెను. నడక చేయు పని వేరు. అది రక్తమును, గుండెను, నిద్రను, మనస్సును సరిచేయును. తూకపు ముల్లు దానికి న్యాయాధిపతి కాదు.

ఎంత నడువవలెను?

వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు ఓ మోస్తరు శ్రమ, రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. వారమున ఐదు దినములు అరగంట చొప్పున నడచినచో కనీసపు లెక్క తీరును. అరగంటను ఒకేసారి నడువ వీలు కానిచో మూడు పదినిమిషములుగా విభజించుకొనవచ్చును. భోజనానంతరము నడచు పదినిమిషములు చక్కెర వ్యాధి గలవారికి మిక్కిలి గుణకరము. నడక వేగమునకు గడియారముతో పని లేదు. ప్రక్కవానితో మాటలాడగలిగి, పాట పాడలేనంత ఆయాసము కలిగినచో అది సరియైన వేగము.

చెరువు రైతుకు ఇంతకంటె సులభమైన దారి కలదు. 5 ఎకరముల చతురస్రపు చెరువు గట్టు చుట్టుకొలత సుమారు 570 మీటర్లు. ఐదు చుట్లు తిరిగినచో దాదాపు 3 కిలోమీటర్లగును, అరగంట పట్టును. గట్టును కనిపెట్టి చూచినట్లును అగును. చీకటివేళ పాముల భయము గలదు గనుక ప్రొద్దు పొడిచిన తరువాతనో, సాయంకాలమో తిరుగుట మంచిది. నిద్ర విషయమున ఇరుగు పొరుగు చెరువులవారు వంతులు వేసికొని, ఒకరు మేలుకొన్న రాత్రి మరియొకరు నిద్రించు ఏర్పాటు చేసికొనినచో ఇద్దరికిని మేలు.

"పొద్దస్తమానము పొలములో చాకిరి చేయువారము, మాకు వ్యాయామమేల బాబూ?" అని గ్రామసభలలో మమ్ము ప్రశ్నించిన పెద్దలు కలరు. నిజముగా పారపట్టి, బరువులు మోసి పనిచేయువానికి వేరే నడక అక్కరలేదు. కాని దుక్కి ట్రాక్టరు దున్నుచున్నది, కోత యంత్రము కోయుచున్నది, మందు డ్రోను చల్లుచున్నది, అరకిలోమీటరు దూరముననున్న చేనికి మోటారు సైకిలు మోయుచున్నది. చాకిరి యనగా ఏమి మిగిలినదో ఎవరికి వారే ఆలోచించుకొనవలెను. యంత్రములు రాకూడదని మా యభిప్రాయము కాదు. నడుములు విరుగు పనినుండి విముక్తి కలుగుట సంతోషకరమే.

స్త్రీల విషయమున వేరు మాట చెప్పవలెను. తెల్లవారకముందే లేచి, ఇంటిపని ముగించి, నాట్లకు పోయి, తిరిగివచ్చి పొయ్యి ముట్టించు కూలి తల్లికి నడకను బోధించుట అవివేకము. ఆమెకు కావలసినది కడుపునిండ పప్పుకూరలతో అన్నము, ఏడు గంటల నిద్ర, ఇంటిపనిలో మగవాని సాయము. ఇంటిపట్టుననే యుండి కుట్టుమిషను వద్దనో, దుకాణములోనో కూర్చుండు స్త్రీలకు మాత్రము వ్యాయామము అత్యవసరము. ఒంటరిగా రోడ్డుపై నడుచుటకు సంకోచించువారు పదిమంది చేరి కోలాటమాడవచ్చును. అరగంట కోలాటము అరగంట నడకకు తీసిపోదు. పైగా మనస్సునకు ఉల్లాసము. యువకులకు కబడ్డీ ఉండనే యున్నది. వీరఘట్టమున జన్మించి, 1942లో కీర్తిశేషుడైన కోడి రామ్మూర్తినాయుడు గారి పేరు విని తెలుగుదేశమున యువకులు తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసిన కాలమొకటుండెడిది. పాడుబడిన తాలింఖానాను తిరిగి తెరచుటకు వేలకొలది రూపాయలు అక్కరలేదు. మట్టినేలయు, నలుగురు ఉత్సాహవంతులును చాలును.

కొన్ని జాగ్రత్తలు అవసరము. నడచునప్పుడు రొమ్మున బరువు, నొప్పి, తలతిరుగుట కలిగినవారు వెంటనే ఆగి డాక్టరుకు చూపించుకొనవలెను. చక్కెర వ్యాధి గలవారు చెప్పులు లేకుండ గట్లపై నడువరాదు, ఏలయన స్పర్శ తగ్గిన పాదమునకు ముల్లు గ్రుచ్చుకొనినను తెలియదు. నడచుచున్నాము గదా యని మాత్రలు మానరాదు.

నడక అప్పును తీర్చదు. ఆ సంగతి మేము మరువలేదు. రుణభారమునకు బ్యాంకుతో, వ్యవసాయాధికారితో, ఇంటివారితో దాపరికము లేకుండ మాటలాడుటయే మార్గము. నడక వలన తేలికపాటి దిగులు తగ్గును, ఆలోచన తేటపడును, అంతవరకే. రెండు వారములు దాటినను దేనియందును ఆసక్తి లేకుండుట, నిద్రాహారములు పూర్తిగా చెడుట, బ్రతుకుమీద విరక్తి పుట్టుట, ఇవి వైద్యము కోరు లక్షణములు. టెలిమానస్ అను కేంద్ర ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో ప్రారంభింపబడినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగ, తెలుగులోనే, రేయింబవళ్ళు మాటలాడు సలహాదారులు లభింతురు. ఫోను చేయుట పిచ్చికి గుర్తు కాదు. జ్వరమునకు మందు అడుగుట వంటిదే.

మీ పొట్ట హద్దులో నున్నదో లేదో తెలిసికొనుటకు ఒక త్రాడు చాలును. తల నుండి మడమ వరకు మీ ఎత్తుకు సమానముగ త్రాటిని కొలిచి, సగమునకు మడువుడు. ఆ మడత, ఊపిరి విడిచి నిలుచున్నప్పుడు, మీ నడుము చుట్టు అందవలెను. అందనిచో కొవ్వు హద్దు మీరినదని యెంచవలెను. టేపుతో కొలుచువారికి పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. 30 ఏండ్లు దాటినవారికి గ్రామ ఆరోగ్య ఉపకేంద్రములలో రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉచితముగ చేయుదురు. ఏ దినమున చేయుదురో ఆశా కార్యకర్తను అడిగి తెలిసికొని, ఆ అంకెలను, త్రాటి కొలతను ఒక కాగితముపై తేదీతో వ్రాయించి, పట్టాదారు పాసుపుస్తకముతో పాటు భద్రపరచుకొనుడు. ఆరునెలలు నడచిన పిదప మరల పరీక్ష చేయించుకొన్నపుడు పోల్చి చూచుకొనుటకు ఆ కాగితము కావలసియుండును.